అద్దాల బండికి ఐదో గేరు

షెడ్డు నుంచి,
ఆగస్టు 9, మంగళవారం.

చేతినిండా పనితో, కంటినిండా నిద్రతో నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాలని దీవిస్తూ డాక్టరమ్మకు మెకానిక్ రాయునది. ఇక్కడ నేనూ, మీ అమ్మా, బండీ ముగ్గురమూ క్షేమం. అక్కడ నువ్వూ, నీ దగ్గరికొచ్చే గొడ్డూ గోదా అంతా క్షేమమని తలుస్తాను.

ఇంత మాత్రానికి ఉత్తరమెందుకు, ఫోను చేయొచ్చు కదా అనుకుంటావు. ఫోనులో మన సంగతి నీకు తెలియనిది కాదు. నేను బాగున్నావా అంటాను. నువ్వు బాగున్నానండీ, అమ్మకివ్వండి అంటావు. పన్నెండేళ్ళుగా మన మాట ఆ గడప దాటలేదు. తప్పు నీదని కాదు. ఫోను చెవికి ఆనించగానే నాకూ నోరు పెగలదు. కాయితమైతే నువ్వు మధ్యలో అమ్మకివ్వమనలేవు కదా, అందుకని కూర్చున్నాను.

మొదట మంచి కబురు. బండి సిద్ధం. ఐదు గేర్లతో, నోరు తగ్గించుకుని, బుద్ధిగా షెడ్డులో నిలబడి ఉంది. శనివారం నువ్వు వచ్చి తీసుకెళ్ళడమే తరువాయి.

ఇక జరిగింది వరసగా రాస్తాను. ఈ బండి గురించి నీకు చెప్పేంతటి వాణ్ణి కాదు, నువ్వు ఇందులోనే పెరిగావు. కానీ దాని పొట్టలో ఏముందో నీకంటే నాకు కాస్త ఎక్కువ తెలుసు. మీ నాన్న దీన్ని కొన్న ఏడాది నుంచీ మరమ్మతులన్నీ నావే. ఆయన బండి వదిలి వెళ్ళేటప్పుడు నువ్వు ముందు సీటు దిగకుండా, మెకానిక్ గారూ మా బండికి జ్వరమొచ్చిందా అని అడిగేదానివి. నీకు పదకొండేళ్ళప్పుడు ఆయన పోయారు. మూడేళ్ళ తరవాత మీ అమ్మా నేనూ పెళ్ళి చేసుకున్నాం. ఇంట్లోకి వచ్చాక నన్నేమని పిలుస్తావోనని వారం రోజులు నాకు ముద్ద దిగలేదు. ఎనిమిదో రోజు పొద్దున, మెకానిక్ గారూ స్నానానికి నీళ్ళు కాగాయి అన్నావు. హమ్మయ్య అనుకున్నాను. ఇప్పటికీ ఆ పిలుపు వినగానే ఇంట్లో ఎక్కడున్నా లేచి నిలబడతాను.

మీ నాన్న కిటికీ అద్దాల పని చేసేవారు. వెనక బల్లల మధ్య మెత్తలు పెట్టి, అద్దాలు నిలువుగా పేర్చి, నడిచే మనిషి దాటిపోయేంత నెమ్మదిగా తోలేవారు. గోతి కనిపిస్తే రెండో గేరు, మలుపు కనిపిస్తే రెండో గేరు. యాభై దాటి ఆయన తోలగా నేను చూడలేదు. అలాంటి మనిషికి నాలుగు గేర్లు చాలు, అందులో నాలుగోది కూడా ఆదివారాలకే. బండి ఆయన పనికి తగ్గది. నువ్వేమో దాన్ని మూడు వందల కిలోమీటర్ల హైవే ఎక్కించావు.

జూన్‌లో నువ్వు కొత్త ఉద్యోగానికని సామాను వేసుకుని ఆ ఊరు వెళ్ళి, తిరిగి బండి ఇక్కడ వదలడానికి వచ్చిన రోజు నాకు గుర్తుంది. దిగగానే మీ అమ్మ ఏదో అడిగితే, ఏంటమ్మా, ఏంటమ్మా అని మూడుసార్లు అన్నావు. ఆరు గంటలు ఆ హోరులో కూర్చుని నీ చెవులు గింగిర్లెత్తిపోయాయి. ఎనభైలో నాలుగో గేరంటే ఇంజను పీక పట్టుకుని పరిగెత్తించినట్టే. దారిలో రెండుసార్లు వేడెక్కి ఆగిపోయిందని కూడా అమ్మతోనే చెప్పావు. ఈసారి బస్సులో వెళ్ళిపోయావు.

ఆ మర్నాడు నేను మీ అమ్మతో అన్నాను, ఇంజను మంచిదే, ఐదు గేర్ల పెట్టె బిగిస్తే అదే వేగానికి ఇంజను నిదానంగా తిరుగుతుంది, మోత తగ్గుతుంది, వేడీ తగ్గుతుందని. మీ అమ్మ నీకు ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను. నువ్వు సరేనమ్మా అన్నావు. ఆ పైన ఒక మాట అన్నావు, అది ఫోనులోంచి నాకూ వినపడింది. తీసిన పెట్టెను మాత్రం పారేయొద్దని చెప్పు, అది నాన్న చెయ్యి పడ్డ పెట్టె, నా గదిలో పెట్టుకుంటాను అన్నావు. మీ అమ్మ నా వంక చూసింది. నేను లేచి షెడ్డుకు వచ్చేశాను.

పెట్టె కోసం పాత బళ్ళ యార్డుకు వెళ్ళాను. అది నడిపే ఆవిడను మేమంతా పిన్నిగారు అంటాం, ఆవిడ నాకంటే చిన్నదే అయినా. ఏ బండి ఏ మూల పడుందో ఆవిడకు కళ్ళు మూసుకున్నా తెలుసు. నీ బండి కంపెనీదే, పదేళ్ళ తరవాత వచ్చిన వ్యాను ఒకటి, ముందు భాగం నుజ్జయింది గానీ గేర్‌బాక్సు చెక్కుచెదరలేదు. నేను దాని కింద దూరి, షాఫ్టు పట్టుకుని ఊపి చూస్తుంటే ఆవిడ స్టూలు వేసుకుని పక్కన కూర్చుంది. ఎవరికోసం అని అడిగింది. మా డాక్టరమ్మకోసం అన్నాను. మీ అమ్మాయా అంది. ఆఁ అన్నాను. అనేశాక కింద నుంచి వెంటనే బయటికి రాలేదు. అక్కడేదో బోల్టు చూస్తున్నట్టు నటించాను. నీ అనుమతి లేకుండా అన్న మాట అది, ఏమనుకోకు.

పాత పెట్టె దించడం ఒక పూట పని. కొత్తది ఎక్కించడం తొమ్మిది రోజులు పట్టింది. చెబితే నవ్వుతావు, పెళ్ళిచూపుల్లో అన్నీ కుదిరి చివర్లో పేచీ వచ్చినట్టయింది. బోల్టుల రంధ్రాలన్నీ కలిశాయి. కానీ కొత్త పెట్టె నాలుగు వేళ్ళు పొడవు. దాంతో దాన్ని కింద మోసే అడ్డపట్టీని వెనక్కి జరపాలి. వెనక చక్రాలను తిప్పే పొడవాటి షాఫ్టును ఆ నాలుగు వేళ్ళూ తగ్గించాలి. క్లచ్ ప్లేటు కూడా ఆ వ్యానుదే కావాలి.

షాఫ్టు కోయడానికి లేతు మిషను మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. ఆయన్ను అందరూ అరమిల్లీ అంటారు. పని చూపించిన ప్రతివాడితోనూ అరమిల్లీ తేడా ఉందంటాడు. పెళ్ళి ఫొటోలో కూడా తన భార్య అరమిల్లీ పక్కకు నిలబడిందన్నాడట. రెండు రోజులు తీసుకుని కోసి, అతికించి, తిప్పి చూసి ఇచ్చాడు. బిగించి రోడ్డెక్కితే అరవై ఐదు దాటగానే బండి ఒళ్ళంతా వణుకు. షాఫ్టు వంకరపోయిందని నేను, నా షాఫ్టు దారంలా ఉందని ఆయన. విప్పి తీసుకెళ్ళాను, చూసి ఇచ్చేశాడు. మళ్ళీ బిగించాను, మళ్ళీ వణుకు. మూడోసారి ఆయనే తువ్వాలు తలకు చుట్టుకుని వచ్చాడు. వెనక బల్లల మధ్య, మీ నాన్న అద్దాలు పెట్టే చోట బోర్లా పడుకుని, చెవి రేకుకు ఆనించి, ఊఁ పోనీ అన్నాడు. ఊరి చివరి దాకా వెళ్ళి వచ్చాక దిగి, దుమ్ము దులుపుకుని, షాఫ్టు కాదు, పెట్టె తోక కిందికి వాలింది, అడ్డపట్టీ కింద బిళ్ళ వేయి అన్నాడు. ఎంత మందం అని అడిగాను. ఎంతన్నాడో నీకు చెప్పక్కర్లేదు. ముప్ఫై ఐదేళ్ళుగా ఈ పని చేస్తున్నా, తప్పు నాదే. బిళ్ళ వేశాను. వణుకు పోయింది.

ఇంకొక్కటి చెప్పాలి, ఇది నీకు తప్పకుండా తెలియాలి. కొత్త పెట్టెకు గేరు రాడ్డు వెనగ్గా వస్తుంది. అందుకు నేల రేకులో పాత రంధ్రానికి వెనక ఇంకో రంధ్రం కోయాలి. కోద్దామని రబ్బరు చాప ఎత్తాను. కింద గాజు నలుసులు, ఇసుకలా మెరుస్తూ. ఎన్నేళ్ళవో. బ్రష్షుతో ఊడుస్తుంటే రేకు మీద గీతలు కనిపించాయి. మేకుతో గీసిన అంకెలు. ముప్ఫై నాలుగు ఇన్‌టూ ఇరవై ఒకటిన్నర, దాని కింద ఇంకో రెండు కొలతలు. ఎవరింటి కిటికీవో మరి. కాయితం దొరక్క చాప ఎత్తి అక్కడే గీసుకున్నట్టున్నారు. ఒకటిని ఆయన కొక్కెంలా రాస్తారు చూడు, అలాగే ఉంది.

రంధ్రం కోయాల్సింది సరిగ్గా ఆ అంకెల మీద. కోత మిషను చేతిలో ఉండగానే మీ అమ్మను పిలిచాను. ఆవిడ వచ్చి వంగి చూసి, వేలితో ఒకసారి అంకెల మీద రాసి, నా చేతిలో మిషను తీసి పక్కన పెట్టింది. సరే, అక్కడ కోయలేదు. రాడ్డును కాల్చి ముందుకు వంచి పాత రంధ్రంలోంచే తెచ్చాను. అందుకే అది కాస్త మెడ వంచిన కొంగలా కనిపిస్తుంది. చూసి నవ్వకు. పైన గుండు మాత్రం పాతదే.

బండి తోలే పద్ధతి రాస్తాను, శ్రద్ధగా చదువు. మొదటి నాలుగు గేర్లూ నీకు అలవాటైన చోటే ఉన్నాయి. ఐదోది కుడివైపు చివరికి లాగి పైకి. రివర్సు ఇదివరకులా ఎడమ పక్క పైకి కాదు, ఐదోదాని కిందికి మారింది. బండి పూర్తిగా ఆగితే తప్ప రివర్సు జోలికి వెళ్ళకు. డెబ్బై దాటాకే ఐదోది వేయి. దారి పైకి ఎక్కుతుంటే మొహమాటపడకుండా నాలుగుకు దిగు, అందులో చిన్నతనమేమీ లేదు. అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి నూనె చూడాలి. అక్కడ ఎవరిచేతా చూపించకు, నేనే వస్తాను. నువ్వు రమ్మంటేనే.

నిన్న సాయంత్రం మీ అమ్మను కూర్చోబెట్టుకుని హైవే మీద డెబ్బై కిలోమీటర్లు వెళ్ళి వచ్చాను. ఐదో గేరు పడగానే ఇంజను గొంతు దిగిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మీ అమ్మ కిటికీ అద్దం పైకి ఎక్కించి, ఇప్పుడు మాట్లాడండి అంది. చివరికి ఆవిడే చెప్పింది. మీ నాన్న ఈ బండి తోలుతూ పాటలు పాడేవారట. పెదాలు కదలడమే గానీ మోతలో ఒక్క ముక్కా వినపడేది కాదట. ఏం పాట అని దిగాక అడిగితే ఏదో ఒకటి అని నవ్వేసేవారట. పదహారేళ్ళ కాపురంలో ఆయన గొంతు ఎలా ఉండేదో తెలుసు గానీ పాట ఎలా ఉండేదో తెలియదు అంది. నేను రోడ్డు చూస్తూ విన్నాను. డాక్టరమ్మా, ఆయన గురించి మీ అమ్మ నాతో ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు అసూయ వేస్తుందని ఆవిడ భయం. ఆవిడ మనసు కష్టపెడతానని నా భయం. ఇంట్లో కుదరనిది బండిలో కుదిరింది.

తిరుగు దారిలో మాట మధ్యలో ఆగిపోయింది. చూస్తే నిద్రపోతోంది. ఈ బండిలో మీ అమ్మ నిద్రపోవడం నేను ఎరగను. తల కిటికీకి కొట్టుకుంటుందేమోనని అరవైకి తగ్గించి, ఇంటికి వచ్చేసరికి చీకటి పడేలా చేశాను. లేచి, ఏమిటింత ఆలస్యం అని నన్నే కోప్పడింది.

పాత పెట్టెను కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, గోనెపట్టాలో చుట్టి బెంచీ పక్కన పెట్టాను. నువ్వు అడిగినట్టే పారేయలేదు.

కొత్త ఊళ్ళో నీ భోజనం ఎలా ఉందోనని అమ్మ బెంగ. ఎద్దు తన్నిందని చెప్పావట, మోకాలు తగ్గిందా. తగ్గకపోతే క్లచ్చు తొక్కేటప్పుడు తెలుస్తుంది, దాచకు. శనివారం పొద్దున బస్సు దిగి ఫోను చేస్తే స్టాండుకు వస్తాను. వద్దంటే మానేస్తాను. అలాగని మరీ తొందరపడి వద్దనకు.

ఇట్లు,
నీ క్షేమం కోరే
మెకానిక్ గారు

తా.క. పైన సంతకం పెట్టేసి, కవరు మీద అడ్రసు కూడా రాసి, మళ్ళీ విప్పాను. ఒక సంగతి రాయకుండా ఇది పోస్టులో వేస్తే నాకు అన్నం సయించదు.

గోనెపట్టాలో ఉన్న పెట్టె మీ నాన్న చెయ్యి పడ్డది కాదు.

నీకు పద్దెనిమిదేళ్ళప్పుడు, ఈ బండి మీదే డ్రైవింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టావు. ఒక సాయంత్రం నువ్వొక్కదానివే మైదానానికి తీసుకెళ్ళి వచ్చి, గేరు గట్టిగా ఉంది మెకానిక్ గారూ, ఏదో కరకరమంది అన్నావు. మర్నాడు పరీక్షలకని హాస్టలుకు వెళ్ళిపోయావు. నేను విప్పి చూశాను. కదిలే బండిలో రివర్సులోకి తోసినట్టున్నావు. గేరు పళ్ళు ఊడి, ఆ ముక్కలు మిగతా గేర్ల మధ్య పడి, పెట్టె గోడ పగిలింది. బాగుచేయడానికి అందులో ఏమీ మిగల్లేదు. మీ నాన్న వస్తువు నీ చేతుల్లో పోయిందని నీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అచ్చం అలాంటిదే ఇంకో పెట్టె వెతికి, నువ్వు వచ్చేలోపు బిగించేశాను. మీ అమ్మ కింద నుంచి ఎత్తి పట్టుకుంది, నేను బోల్టులు వేశాను. నువ్వు వచ్చి తోలి, ఇంత మెత్తగా ఎలా అయింది అని అడిగావు. నూనె మార్చానన్నాను. ఆ పూట మీ అమ్మతో, నాన్న బండి నా చేతికి అలవాటు పడిందమ్మా అన్నావు. అంత సంతోషంగా నిన్ను ఆ మూడు నాలుగేళ్ళలో చూడలేదు. ఇక ఏమని చెప్పను.

ఇప్పుడు చెబుతున్నది నిన్ను అనడానికి కాదు. నేర్చుకునే రోజుల్లో మా గురువుగారి బళ్ళవి నేను రెండు పగలగొట్టాను. కానీ ఎవరిదో పాత పెట్టెను మీ నాన్నదనుకుని నువ్వు గదిలో పెట్టుకుని రోజూ చూసుకుంటుంటే, తెలిసీ ఊరుకోవడం నా వల్ల కాదు.

మీ నాన్న పెట్టె పారేయలేదు. పగిలిన గోడతో, ఊడిన పళ్ళతో షెడ్డు వెనక గదిలో, చెక్కపెట్టెలో ఉంది. తుప్పు పట్టకుండా ఏడాదికోసారి నూనె రాస్తున్నాను. ఎనిమిదిసార్లు రాశాను. శనివారం చూపిస్తాను. తీసుకెళ్తానంటే బండిలో ఎక్కిస్తాను.

ఈ తా.క. మీ అమ్మ చదివింది. తీసెయ్యండి, పిల్ల బాధపడుతుంది అని లోపలికి వెళ్ళింది. కాసేపటికి మళ్ళీ వచ్చి, ఉంచండి అంది.